కళ్ళు ఎండిపోయిన వైదేహి

వైదేహి ఏడుస్తోందని మొదట అనుకున్నది గోవిందమ్మ. గోవిందమ్మ భర్తకు పేగు ఆపరేషన్ అయింది. కోసిగి నుంచి తీసుకొచ్చి ఆదోని ఆసుపత్రిలో చేర్చారు. కట్టు మారుస్తున్న ట్రైనీ డాక్టరమ్మ వైదేహి చెంపల మీద నీళ్ళు జారడం చూసి గోవిందమ్మ కలవరపడింది.

"ఏమైందమ్మా? ఎవురన్నా ఏమన్నా అన్న్యారా?"

"ఏం లేదమ్మా. కండ్లు మంట, అంతే."

"ఊరు గాని ఊర్లో ఒక్కదానివే ఉండావు. ఏడ్సుకో తల్లీ, నేనెవురికీ సెప్పనులే."

వైదేహి భుజానికి చెంప తుడుచుకుని కట్టు పూర్తి చేసింది.

ఆమెది ఎమ్మిగనూరు. అమ్మా నాన్నా పోయాక అన్న అనిరుద్ధే చదివించాడు. అతను మంత్రాలయంలో భోజనశాల వంటవాడు. వైదేహి ఆదోనిలో సర్జరీ నేర్చుకుంటూ, జిన్నింగు మిల్లు వెనక ఒక గది అద్దెకు తీసుకుని ఉంటోంది. పగలంతా ఆపరేషన్ థియేటర్ ఏసీ చలిగాలి, గదికొస్తే పత్తి దుమ్ము, ఆపైన ట్యాబ్‌లో పరీక్షల చదువు. చదువులో పడితే రెప్ప వేయడం కూడా మర్చిపోయేది. కళ్ళలో ఇసుక పడ్డట్టు గరగరలాడేది. మందుల షాపులో ఎరుపు తగ్గించే చుక్కలు కొని వేసుకుంటూ నెట్టుకొచ్చింది.

ఒకరోజు రౌండ్స్‌లో, అందరి ముందు, సీనియర్ డాక్టర్ రాజేష్ ఆగాడు.

"మళ్ళీ ఏడుపా? సర్జనే ఏడిస్తే పేషెంట్ ఏం కావాలమ్మా?"

"ఏడుపు కాదు సార్, కళ్ళు..."

అతను అప్పటికే పక్క మంచానికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వైదేహి ఎవరికీ చెప్పే ప్రయత్నం చేయలేదు. క్యాంటీన్‌కు వెళ్ళడం మానేసింది. నల్లద్దాలు పెట్టుకుని తిరిగితే పొగరన్నారు. రోజంతా ఎవరితోనూ పనికి మించి మాట లేకుండానే గడిచేది.

చివరికి థియేటర్లో, కోత మూసి కుట్టు వేస్తుంటే, దారం రెండుగా కనిపించింది. రెప్ప కొట్టి చూసింది. ఇంకా మసకబారింది. సూదిని ట్రేలో పెట్టి వెనక్కి జరిగింది.

"సార్, నాకు కనబడడం లేదు."

రాజేషే మిగతా కుట్లు పూర్తి చేశాడు. బయటికొచ్చాక అడిగాడు, "ఎప్పటి నుంచి?"

"చానా నెలలైంది సార్."

"చెప్పాలి కదా?"

"చెప్పబోయినాను సార్. మీరు ఏడుపనుకున్నారు."

అతను తల దించుకుని చేతులు కడుక్కున్నాడు.

ఎమ్మిగనూరులో కంటి డాక్టర్ నాగేష్ ఆమె రెప్పల కింద సన్నటి కాగితపు ముక్కలు పెట్టి, కంట్లో రంగు చుక్క వేసి చూశాడు.

"ఎండిపోయినాయమ్మా."

"మరి నీళ్ళు ఎట్లా కారుతాండాయి సార్?"

"ఎండిన కన్ను మండుతుంది. ఆ మంటకే నీళ్ళు వస్తాయి. తడిని పట్టి ఉంచే నూనె పొర పలచబడింది కాబట్టి అవి నిలవవు. మీ డాక్టర్ చదువుల పిల్లల్లో చానామందికి ఉంది ఇది. ఎవరూ వచ్చి చూపించుకోరు." ఆ ఎరుపు తగ్గించే చుక్కలు ఆపమన్నాడు. వేరే చుక్కలు రాసి, వేడి గుడ్డతో కాపడం పెట్టమన్నాడు. కొన్నాళ్ళు ట్యాబ్ జోలికి పోవద్దన్నాడు.

పరీక్షలు దగ్గర పడ్డాయి. ఆమె అన్నకు ఫోన్ చేసింది.

"అన్నా, పుస్తకం పంపుతాను. చదివి రికార్డ్ చేసి పెడతావా?"

"ఆ ఇంగ్లీషు పేర్లు నాకు నోరు తిరగవు గదమ్మా."

"తిరిగినంత సదువు."

మధ్యాహ్నం భోజనాల పంక్తులు లేచాక అనిరుద్ధ కూర్చుని చదివేవాడు. అర్థం తెలియకపోయినా, మంత్రం చెప్పినట్టు ఒక్కో అక్షరం విడిచి పలికేవాడు. వైదేహి కళ్ళ మీద వేడి గుడ్డ వేసుకుని వినేది. మధ్యలో ఆగి, "ఇది నొప్పి గురించనుకుంటా, నిదానంగా సదువుతాండాను" అనేవాడు. రికార్డు ఆగితే గదిలో మిల్లు చప్పుడు మిగిలేది.

ఆ ఏడు పరీక్ష పోయింది. మరుసటి ఏడు గట్టెక్కింది. ఇప్పుడు ఎమ్మిగనూరులోనే సర్జన్. కళ్ళు పూర్తిగా బాగుపడలేదు కానీ, చుక్కలతో పని నడుస్తోంది. అన్నతో ఫోన్ మాత్రం తొందరగా అయిపోతోంది.

"తిన్నావా?"

"తిన్నా. నువ్వు?"

ఒకరోజు పెట్టేయబోతుంటే ఆమె ఉండబట్టలేక అంది, "ఏదన్నా సదువన్నా."

"ఇంకేం సదివేది? పరీక్ష అయిపోయిందిగా."

"ఏదైనా."

అతను గోడకున్న క్యాలెండరు తీసి, ఆ నెల తిథులు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాడు.