మెడ మీద గీత

ఈ భూమ్మీద మా తాత చేత బట్టలు విప్పించుకోని మోటార్‌సైకిల్ లేదు. ఒకటీ అరా ఉంటే, అవి ఇంకా ఫ్యాక్టరీలో పుట్టలేదని అర్థం. ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టిన నా మాట నమ్మకపోతే మా నానమ్మని అడగండి. "బళ్ల మసి వదిలిస్తాడు గానీ ఒంటి మసి వదిలించుకోడు" అంటుంది ఆవిడ.

ఆయన రంగు వేయడు. రంగుకు ముందు పనంతా ఆయనది. బండిని ఊడదీసి, ఇంజన్‌ని బల్ల మీద కూర్చోబెట్టి, దాని రంధ్రాలన్నిటిలో పాతగుడ్డలు కుక్కి, కిరోసిన్‌తో జిడ్డు కడుగుతాడు. ఎన్ని గుడ్డలు కుక్కాడో గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టుకుంటాడు. ఒక్క గుడ్డ లోపల ఉండిపోయినా ఇంజన్ పని సరి. ఇక ఫ్రేమ్‌ని దూలానికి తాడుతో వేలాడదీసి, రంగు తీసే మందు పూస్తాడు. పాత రంగు కాలిన చర్మంలా పొంగి లేస్తుంది. చిన్నప్పుడు అది చూసి ఏడ్చేవాణ్ణట. ఇప్పుడూ అంత ఇష్టంగా చూడను.

ఆ రోజు వేలాడుతున్నది మా ఊరి ఆసుపత్రి కాంపౌండరు బండి. పాతది కొని తెచ్చాడు. సోమవారం నుంచి ఆయన కూతురు దాని మీదే ఉద్యోగానికి వెళ్లాలి. నల్లరంగు లేచింది. దాని కింద పచ్చ. పచ్చ కింద ప్రైమర్ బయటపడగానే తాత చెయ్యి ఆగిపోయింది. ప్రైమర్‌గా అడుగున పూసే ఎర్ర రెడాక్సైడ్‌లో కాస్త దీపం మసి కలపడం ఆయన ఒక్కడికే ఉన్న పిచ్చి.

"ఇది నా చేతి పనేరా" అన్నాడు.

"మంచిదేగా తాతా, సగం పని ముందే చేసి పెట్టుకున్నావు."

నా జోకులకి ఆయన నవ్వకపోవడం కొత్త కాదు. ఈసారి అసలు వినలేదు.

హ్యాండిల్ గొట్టం ఫ్రేమ్‌తో కలిసే చోటుని మెడ అంటాడు తాత. అక్కడ వేలెడు మేర పుట్టీ. గీకితే రాలింది. కింద చిన్న సొట్ట, అంతే. తాత దాని మీద కిరోసిన్ పూసి, కాసేపాగి పొడిగుడ్డతో తుడిచి, సుద్దముక్కతో తెల్లగా రుద్దాడు. ఇనుము పగిలి ఉంటే, పగుల్లో దాక్కున్న కిరోసిన్ సుద్దలోకి ఊరుతుంది. ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. నేనూ పక్కన చతికిలబడ్డాను. వెంట్రుకలాంటి తడిగీత ఒకటి మొదలైంది. గొట్టం చుట్టూ పాకుతూ వెనక్కి పోయింది. అక్కడా ఆగలేదు.

"పద్నాలుగేళ్ల కింద సుద్ద రుద్దలేదు" అన్నాడు తాత.

ఆ ఏడాది ఒక కొరియర్ ఆఫీసు బళ్లన్నీ ఒకేసారి వచ్చాయట, పది రోజుల్లో పచ్చరంగు వేయించి ఇవ్వాలని. సొట్ట కనిపించిన చోటల్లా పుట్టీ మెత్తి రంగుకి పంపేశాడు. తర్వాత ఆ ఆఫీసు వాటిని ఒక్కొక్కటిగా అమ్మేసింది.

"పగులు అప్పుడే ఉందంటావా?"

"చూడలేదుగా. ఏం చెప్పను?"

మధ్యాహ్నం కాంపౌండరు వచ్చాడు. తాత గీత చూపించాడు.

"ఇంతేనా పెద్దాయనా? మా అమ్మాయి నలభై కిలోలు కూడా ఉండదు. ఏదో మెత్తి రంగు కొట్టించండి. ఎవరికి కనిపిస్తుంది?"

"విరిగినప్పుడు కనిపిస్తుంది."

"ఇన్నేళ్లూ విరగలేదుగా."

"అదే నా భయం."

"సరే, మీరు కాకపోతే ఇంకొకరు చేస్తారు. దించవయ్యా" అన్నాడు నాతో.

బండి ఆయనది కదా అని నేను తాడు విప్పబోయాను. తాత నన్ను పక్కకి నెట్టి, గోడకున్న ఇనపరంపం తీసి, మెడ కోయడం మొదలుపెట్టాడు. కాంపౌండరు కేకలేస్తూ భుజం పట్టి లాగాడు. డెబ్బై మూడేళ్ల మనిషి, అంగుళం కదిలితే ఒట్టు. రంపం ఆడింది అర అంగుళం లోతే. మిగతాది తనంతట తనే విడిపోయింది. మెడ తాడుకి ఉండిపోయింది, మొండెం నేల మీద పడింది. విడిన అంచు నిండా పాత తుప్పు, ఎండిన నెత్తురు రంగులో.

కాంపౌండరు దాన్ని చూశాడు. భుజం మీద చెయ్యి తీసేసి, కిరోసిన్ డబ్బా మీద కూలబడ్డాడు.

"సోమవారం అమ్మాయిని బస్సెక్కించు" అన్నాడు తాత.

ఆయన వెళ్లాక తాత చేతులైనా కడుక్కోలేదు. గడపలో కూర్చుని రోడ్డు మీద పోయే ప్రతి బండినీ, మనిషిని వదిలేసి, హ్యాండిల్ కింద చూడటం మొదలుపెట్టాడు. నానమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచింది. మూడోసారి పిలవలేదు.

నేనే నా బండి తాళం వేలికి తిప్పుతూ నవ్వించబోయాను. "ఏం తాతా, మిగతా కొరియర్ బళ్ల కోసం ఊరంతా వెతుకుతావా ఇప్పుడు?"

"ఊరెందుకురా. నువ్వెక్కి తిరిగేదీ వాటిల్లోదే. తాళం ఇక్కడ పెట్టి నడిచి పో."