పేరు చెప్పని మందు

మా ఆయనకు బండలాగుడు పందేలంటే ప్రాణం. గిత్తల మేపు మాత్రం నాదే. దర్శి దగ్గర మా ఊళ్లో మిరపకోతలున్నా, పత్తితీతలున్నా, ముందు ఉలవలు ఉడకబెట్టి, నానిన పత్తిగింజలు రుబ్బి, తవుడు కలిపి మా ఒంగోలు జతకు పెట్టాకే చేనికి వెళ్లేదాన్ని. ఏ గిత్త ఎంత తింటే అరుగుతుందో పేడ చూసి చెప్పగలను.

ఆ ఏడు తిరునాళ్ల పందేలకు నెల ముందు మా బావగారు ఒక డబ్బా పొడి తెచ్చారు.

"ఉలవలు తగ్గించి ఇది పెట్టమ్మాయ్. గెలిచేవాళ్లంతా ఇదే వేస్తన్నారు."

డబ్బా మీద ఒక్క అక్షరం లేదు. పెద్దాయన మాట కాదనలేక మూడు రోజులు పెట్టాను. నాలుగో రోజుకు కాడికి ఎడమవైపు కట్టే దాపటి గిత్తకు పారుడు పట్టుకుంది. కుడివైపు వలపటిది కుడితి కూడా ముట్టలేదు. ఆ డబ్బా ఎత్తి పెంటకుప్పలో బోర్లించాను. పశువుల డాక్టరుగారు వచ్చి, కొన్నాళ్లు బరువు లాగించొద్దన్నారు. సాధన ఆగిపోయింది. బావగారు ఇంటిమీదకొచ్చి అరిచారు.

"పందెం పోతే నీదే పూచీ!"

"నాదేనండి. గిత్తలు పోతే మాత్రం ఎవరిది?"

అవి కోలుకుని మళ్లీ బండ కట్టేసరికి వారమే మిగిలింది. పందెం రోజు నేనూ బయలుదేరాను. ఆడవాళ్లెవరూ రారన్నారు. వచ్చాను. మా వంతుకు ముందు బావగారు ఒకతన్ని వెంటబెట్టుకొచ్చారు. అతని చేతిలో సూది. నేను గిత్తల ముందు నిలబడ్డాను.

"ఏం మందది?"

"బలానికమ్మా."

"పేరు చెప్పు."

అతను బావగారి వైపు చూశాడు.

"పేరు చెప్పలేని మందు నా గిత్తల ఒంట్లోకి పోదు."

"ఏరా, నీ పెళ్లానికి చెప్పుకోలేవా?" అని బావగారు మా ఆయన మీద గయ్‌మన్నారు. చుట్టూ జనం నవ్వారు. మా ఆయన తల దించుకుని కాడి సర్దుతూనే, "మేపేది ఆవిడ అన్నయ్యా. ఆవిడ మాటే నా మాట," అన్నారు.

ఐదో స్థానం వచ్చింది. బహుమతులు నలుగురికే. నురగలు కక్కకుండా, మోకాళ్లు వంగకుండా లాగాయి నా గిత్తలు.

"చూశావా నీ ఉలవల బలం?" అన్నారు బావగారు.

"చూశానండి. వచ్చే ఏడు వీటినే మళ్లీ తెస్తాను. మళ్లీ ఉలవలే పెడతాను," అన్నాను, అందరికీ వినపడేలా. అని, గిత్తల మెడలకు కాపడం పెట్టడానికి నీళ్లు కాచమని మా ఆయనకే పురమాయించాను.