చాట పక్కన పెట్టించిన రోజు

మొన్న మా మనవరాలు ఆఫీసులో ఏదో ప్రజెంటేషన్ ఉందని అద్దం ముందు నిలబడి, మాట్లాడేటప్పుడు చేతులు ఏడ పెట్టుకోవాలె తాతా అని అడిగింది. ఏళ్ల తరబడి అదే సంగతి పదిమందికి నేర్పినవాణ్ణి, నీకెట్లా వీలైతే అట్లా పెట్టుకో అనేశాను. ఆ పిల్ల నవ్వుకుంటూ పోయింది గాని, నా మనసు బోధన్‌లోని ఒక పాత హాలు దగ్గరికి పోయి అక్కడే కూలబడింది.

మన తోటివాళ్లకు గుర్తుండే ఉంటుంది, తొంభైల మొదట్లో ఊరూరా ఆరోగ్య శిక్షణలు జోరుగా నడిచిన రోజులవి. నిజామాబాదులో బడిపంతులునే అయినా మాటకారినని పేరుండడంతో, ఆ శిక్షణలివ్వబోయే ఆడవాళ్లకు పదిమందిలో ఎట్లా మాట్లాడాలో నేర్పే పని నాకు అప్పజెప్పారు. అబ్బో, అప్పుడు మన డాబు చూడాలి! ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. నిటారుగా నిలబడాలి, చేతులు కదలకూడదు అని ఒకటే ఊదరగొట్టేవాణ్ణి. అవన్నీ ఏదో పుస్తకంలో చదివినవే, నా సొంతం ఒక్కటీ లేదు.

ఆ బోధన్ హాల్లో నేర్పిన ఒక బ్యాచ్‌లో బీడీలు చేసే ఒకామె ఉండేది. అందరూ అక్క అనేవాళ్లు, నేనూ అట్లాగే పిలిచేవాణ్ణి. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక తక్కినవాళ్లు నడుం వాలిస్తే, ఆమె ఒళ్లో చాట పెట్టుకుని, ఆకు చుట్టుకుంటూ దారం కట్టుకుంటూ, విరేచనాలైన పిల్లలకు ఉప్పు చక్కెర నీళ్లు ఎట్లా తాగించాలో చెప్పేది. "పోరడు మొత్తుకుంటడని ఇడిసిపెట్టకుండ్రి, చెంచతోని జరంత జరంత తాపుండ్రి, మొత్తుకునే పోరడే బతుకుతడు" అని ఆమె అంటుంటే పడుకున్నవాళ్లు కూడా లేచి కూర్చునేవాళ్లు. వేళ్లు ఆగేవి కావు, మాటా ఆగేది కాదు. పొగాకు ఘాటుకు పాపం ఒకటే దగ్గు. జిల్లా ట్రైనరుగా తీసుకుంటే ఈ బీడీల పని వదిలేస్తానని నాతో ఎన్నిసార్లు చెప్పుకుందో.

చివరి రోజు అధికారుల ముందు ఒక్కొక్కరూ మాట్లాడాలి, నచ్చినవాళ్లను ట్రైనర్లుగా తీసుకుంటారు. ఆమె చాట పట్టుకునే వచ్చి, కూసోని చెప్తా సారూ అంది. నాకు తల కొట్టేసినట్లయింది. చాట పక్కన పెట్టించి, చేతులు కిందికి సర్ది, మైకు ముందు నేనే నిలబెట్టాను. అంతే, ఆమెకు ఒక్క మాట రాలేదు. వేళ్లు మాత్రం కొంగు అంచును చుడుతూనే ఉన్నాయి. చాట తిరిగి చేతికిస్తే సరిపోయేది. అది తెలిసి కూడా, పెద్దసార్లు ఏమనుకుంటారోనని ఊరుకున్నాను. ఆమె పేరు పక్కన పనికిరాదని రాసింది కూడా నేనే.

చాలా ఏళ్లకు బోధన్ బస్టాండులో కనిపించింది. దగ్గు ఇంకా ముదిరింది, సంచి నిండా బీడీ కట్టలు. నన్ను గుర్తుపట్టి, పక్కనున్న కోడలితో "గీ సారు మంచిగ నేర్పిండు బిడ్డా, నాకే రాకపాయె" అంది. తప్పు నీది కాదక్కా, నాది అనాలి. నోటిదాకా వచ్చింది కూడా. ఇంతలో ఆ కోడలు నాకు దండం పెట్టింది. ఆ దండానికి మురిసిపోయి ఊరుకున్నాను, ఛీ!

ఇప్పుడు మైకు చొక్కాకు తగిలించుకుని, చేతులు ఊపుకుంటూ, హాలంతా తిరుగుతూ మాట్లాడేవాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది, ఆ చాటా గుర్తొస్తుంది. ఆ అక్క నిరుడు కాలం చేసిందట. చివరిదాకా తనకు మాట్లాడడం రాదనే అనుకుని ఉంటుంది.