పంటు మీద పెరుగన్నం

తెల్లవారుజామున ఐదింటికి మా ఆయన వీధి గుమ్మంలో నిలబడి, గడియారం చూసుకుని, "ఊఁ, పద" అన్నారు. నేను సైకిలెక్కాను. జెండా ఊపేవాళ్ళూ లేరు, చప్పట్లు కొట్టేవాళ్ళూ లేరు. ఎదురింటి వాకిట్లో కళ్ళాపి చల్లుతున్న పిన్నిగారు మాత్రం తలెత్తి, "మళ్ళీనా అమ్మా?" అన్నారు.

మళ్ళీనే. నాకు నలభై నాలుగేళ్ళు. రాజమండ్రిలో ఒక కాలేజీ లైబ్రరీలో పని. మోకాళ్ళ నొప్పులకి డాక్టరుగారు సైకిలు తొక్కమంటే మొదలుపెట్టాను. ఆయన ఉద్దేశం పార్కు చుట్టూ కాబోలు. ఇప్పుడు ఆరువందల కిలోమీటర్లు నలభై గంటల్లో తొక్కే యాత్రకి పేరిద్దామని కూర్చున్నాను. అందులో ఫస్టూ సెకండూ ఉండవు, బహుమతులుండవు. గడువులో ముగించామా లేదా, అంతే. దానికి ముందు రెండువందల కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో తొక్కగలిగితేనే పేరివ్వాలని నాకు నేనే షరతు పెట్టుకున్నాను. పేరివ్వడానికి ఆ ఆదివారమే ఆఖరు. అంటే సాయంత్రం ఆరున్నరకల్లా ఇదే గుమ్మంలో దిగాలి.

నా దారి ఇది. రాజమండ్రిలో వంతెన దాటి కొవ్వూరు, నిడదవోలు, తణుకు, భీమవరం మీదుగా నరసాపురం. అక్కడ పంటెక్కి గోదావరి దాటితే సఖినేటిపల్లి. అటునుంచి రాజోలు, గన్నవరం, కొత్తపేట, రావులపాలెం మీదుగా ఇంటికి. ఎక్కడా ఒక్క గుట్ట కూడా లేదు. కొండలున్న ఊళ్ళవాళ్ళు ఇది విని నవ్వుతారు. నవ్వనివ్వండి. వాళ్ళ దారిలో మా వదిన లేదు.

భీమవరానికీ నరసాపురానికీ మధ్య, సరిగ్గా రోడ్డు మీద, మా పుట్టిల్లు. ఊరి పేరు రాయను, రాస్తే మళ్ళీ గొడవ. ఇంట్లో మా అన్నయ్య, మంగ వదిన ఉంటారు. మొదటిసారి ఈ దారిన వెళ్ళినప్పుడు పది నిమిషాలని ఆగాను. వదిన ఇంట్లో పది నిమిషాలనేది ఉండదు. చేపల పులుసు, ముద్దపప్పు, గడ్డపెరుగు అయ్యాక ఫ్యాను కింద చాప వేసింది. లేచేసరికి మూడున్నర. సైకిలు బస్సు మీద వేసుకుని ఇంటికొచ్చాను. రెండోసారి గట్టిగా నిర్ణయించుకుని ఆగలేదు. గేటు దగ్గర నిలబడ్డ వదినకి బెల్లు కొట్టి, చెయ్యి ఊపి వెళ్ళిపోయాను. కొత్తపేట చేరేసరికి ఆకలికి కళ్ళు తిరిగి అరుగు మీద కూలబడ్డాను. రెండువందలూ కాలేదు. పైగా ఆడపడుచు పుట్టింటి గుమ్మం ముందునుంచి ఆగకుండా, కనీసం బొట్టైనా పెట్టించుకోకుండా పోయిందని ఊరంతా అయింది. వదిన నాతో మాట్లాడటం మానేసింది. ఫోన్ చేస్తే అన్నయ్యకిచ్చేది. ఆవిడ నాకు వదినే కాదు, పదో తరగతి నుంచీ జడ వేసిన మనిషి. నిజం చెప్తున్నాను, ఆ నెలరోజులూ ముద్ద దిగలేదు.

ఐదున్నరకి వంతెన మీద మంచు. కింద గోదావరి కనబడలేదు, పక్కనే రైలొకటి దడదడలాడుకుంటూ పోయింది. నాకెందుకో నవ్వొచ్చింది. ఎవరూ లేరు కదా అని గట్టిగానే నవ్వాను.

ఆరున్నరకి నిడదవోలులో టీ. బెంచీ మీద కూర్చున్న పెద్దాయన నా హెల్మెట్టూ, మోకాళ్ళ దాకా ఉన్న నల్ల లాగూ తీరిగ్గా చూసి, గెలిస్తే ఎంతిస్తారని అడిగారు. ఏమీ ఇవ్వరండీ, మనమే ఎదురు కట్టాలి అన్నాను. ఆయన మొహం జాలితో నిండిపోయింది. టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

ఎనిమిదింటికి తణుకులో నాలుగిడ్లీ, కారప్పొడి. ఈ దారిన వచ్చేవాళ్ళకి నా సలహా, తణుకులో తినేయండి. అక్కడినుంచి భీమవరం దాకా వెళ్ళాలనిపించే హోటలు నాకు దొరకలేదు. మంచు విడిపోయింది. వరి పొలాలు పోయి రొయ్యల చెరువులొచ్చాయి. చెరువుల్లో రొయ్యలకి గాలి అందించే చక్రాలు తిరుగుతూ నీళ్ళు చిమ్ముతున్నాయి, నేనూ తిరుగుతున్నాను. కాళ్ళు నావి కావన్నంత తేలిగ్గా ఉన్నాయి. గాలికి ఎదురు పడకుండా పది గంటలకే భీమవరం దాటేశాను.

ఊరు దాటాక మేత బస్తాలేసుకున్న మోటారుసైకిలాయన ఒకరు నా పక్కనే నెమ్మదిగా వస్తూ కబుర్లు మొదలుపెట్టారు. ఏ ఊరు, ఎవరి తాలూకు అన్నీ అయ్యాయి. మా ఇంటిపేరు చెప్పగానే ఆయన బండి ఇంకా నెమ్మది చేశారు.

"మొన్న పుట్టింటి దగ్గర ఆగకుండా వెళ్ళిపోయింది మీరేనాండీ?"

"ఆయ్, నేనేనండి," అన్నాను. ఏం చెప్పను?

"అలా చేయకూడదండీ," అని చాలా మర్యాదగా చెప్పి, బస్తాలతో సహా ముందుకు వెళ్ళిపోయారు.

ఆ మాటతో నా నవ్వంతా దిగిపోయింది. మా ఊరి మలుపు కనబడేదాకా నాలో నేనే వాదించుకున్నాను. ఆగితే ఆరువందలు పోతాయి. ఆగకపోతే వదిన పోతుంది. మలుపు తిరిగాక ఇక వాదన లేదు. పోతే పోనీ వెధవ ఆరువందలు, సైకిలు మళ్ళీ వచ్చే ఏడాది తొక్కొచ్చు. బ్రేకు వేసి గేటు ముందు దిగాను.

గేటుకి తాళం.

ఎప్పుడూ తలుపు తీసే ఉండే ఇల్లు అది. రెండుసార్లు పిలిచాను. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "పొద్దున్నే వెళ్ళిపోయారమ్మా, ఎక్కడికో చెప్పలేదు" అన్నారు. నేను వస్తానని వదినకి తెలుసు, అన్నయ్యతో నేనే చెప్పాను. తెలిసే తాళం వేసుకుని పోయిందన్నమాట. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఎక్కి ఒక్క తొక్కుడు తొక్కేసరికి చైను ఊడింది. రోడ్డు పక్కన కూర్చుని, తిట్టుకుంటూ, మోచేతుల దాకా నల్లటి గ్రీజు పూసుకుని చైనెక్కించాను. మనసు బాగోకపోయినా కాళ్ళు మాత్రం తొక్కుతూనే ఉన్నాయి.

పన్నెండు కావస్తుండగా నరసాపురం రేవులో దిగాను. కొత్తవాళ్ళకోసం చెప్తున్నాను, పంటు అంటే మనుషులూ బళ్ళూ కార్లూ అన్నీ కలిసి ఎక్కే వెడల్పాటి పడవ. నిండేదాకా కదలదు, కదిలాక ఎవరి తొందరా వినదు. చిల్లర దగ్గరుంచుకోండి. నేను జేబులో చిల్లర వెతుక్కుంటుంటే వెనకనుంచి, "టిక్కెట్టు తీసేశాలే, ఎక్కు" అని వినబడింది.

మంగ వదిన. పట్టుచీర, చేతిలో మూడు గిన్నెల క్యారియరు, చంకలో సంచీ.

తాళం వేసుకుని ఇక్కడ కూర్చుంటావా, నేనక్కడ ఏడ్చి చచ్చానని రేవులో అందరి ముందూ అరిచాను.

"ఆగావా?" అంది వదిన.

"ఆగాను."

ఆవిడ నా సైకిలు తనే పట్టుకుని పంటు మీదకి నడిపించింది. తొమ్మిదింటినుంచీ రేవులోనే ఉందట. మా ఆయనకి అంతా తెలుసట. పొద్దున్న గడియారం చూసుకుంటూ ఏమీ ఎరగనట్టు నిలబడ్డ ఆ మహానుభావుడి సంగతి ఇంటికెళ్ళాక చూడాలనుకున్నాను.

పంటు కదిలింది. వదిన రేలింగుకి ఆనుకుని క్యారియరు విప్పింది. పెరుగన్నం, మాగాయ. నూనెలో వేయించింది ఒక్కటి కూడా లేదు. గిన్నె నా చేతికివ్వబోయి, నా చేతులు చూసి మానేసింది. తనే కలిపి ముద్ద నోటి ముందు పెట్టింది.

"ఇంట్లో ఆగితే నీకు టైము పోద్ది. ఆగకపోతే నాకు పరువు పోద్ది. పంటు మీద ఎవరికీ ఏమీ పోదు. నువ్వు తొక్కకుండా ముందుకెళ్ళే చోటు దారి మొత్తానికి ఇదొక్కటేగా. తిను."

నేను లైబ్రరీలో ఇన్ని పుస్తకాల మధ్య కూర్చుని, మ్యాపులు చూసి, నిమిషాలు లెక్కేసుకుని రెండుసార్లు ఓడిపోయాను. ఈ మాట నాకు తట్టలేదు. నోటినిండా అన్నంతో నవ్వుతుంటే పొలమారింది. వదిన నెత్తిమీద కొట్టబోయి హెల్మెట్టు మీద కొట్టింది. ఖాళీ చేపలబుట్టతో మా పక్కన కూర్చున్న ముసలావిడ ఇదంతా చూసి, ఎన్నో నెలని అడిగింది.

"కడుపు కాదమ్మా," అంది వదిన. "ఆరువందల కిలోమీటర్లు."

ముసలావిడ తలూపి, అయితే ఇంకో ముద్ద ఎక్కువ పెట్టమంది.

సఖినేటిపల్లి రేవు దగ్గరపడుతుంటే వదిన హెల్మెట్టు తీయించి బొట్టు పెట్టింది. జాకెట్టుముక్క, పసుపుకుంకుమ పొట్లం, నాలుగు సున్నుండలు నా చొక్కా వెనక జేబులో కుక్కింది. తను దిగలేదు, అదే పంటులో వెనక్కి పోతుంది. "తిరిగి చూడకు, టైము పోద్ది," అంది. చూశాను. ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. నేనూ అంతే.

పన్నెండుంబావు. ఇక చెప్పడానికి పెద్దగా లేదు, ఎందుకంటే సముద్రపుగాలి వీపు మీద చెయ్యి వేసి తోస్తోంది. రాజోలు దాటింది తెలియలేదు. కొబ్బరితోటల నీడలో పాటలు పాడాను, కాలవగట్టు మీద ఎదురొచ్చిన పెళ్ళివారి ఆటోకి చేతులూపాను. గన్నవరంలో ఒక సున్నుండ, కొత్తపేటలో ఒకటి. కిందటిసారి కూలబడిన అరుగు పక్కనుంచి వెళ్తూ బెల్లు కొట్టాను.

రావులపాలెంలో నీళ్ళకి ఆగితే, అరటిగెలలు ఎత్తుతున్న ఒకాయన గబగబా వచ్చి, "పడ్డారాండీ? దెబ్బ తగిలింది" అంటూ నుదురు చూపించాడు. చెమటకి కుంకుమ ముక్కు దాకా కారింది. పుట్టింటి బొట్టండీ అన్నాను. ఆయన నవ్వి, రెండు పళ్ళు విరిచి చేతిలో పెట్టాడు.

ఆత్రేయపురం మీదుగా, ధవళేశ్వరం బ్యారేజీ ఎక్కేసరికి ఐదున్నర. పొద్దున్న కనబడని గోదావరి ఇప్పుడు ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఎర్రగా ఉంది. పొద్దుట్నుంచీ ఈ నది చుట్టూనే తిరిగాను. నాకు టీ పోసినవాళ్ళు, బుద్ధి చెప్పినవాళ్ళు, ఇంకో ముద్ద పెట్టమన్నవాళ్ళు అందరూ దీని ఒడ్డున వాళ్ళే. ఇక్కడ మనిషిని ఊరికే దాటిపోనివ్వరు. నేను ఆ ఆపడాన్నే దారికి అడ్డమనుకున్నాను. ఆరుంబావుకి మా గుమ్మం ముందు దిగాను. ఆ మహానుభావుడు గడియారం చూపించి పళ్ళికిలించాడు. తిట్టడానికి ఓపిక లేదు, కౌగిలించుకున్నాను.

గ్రీజు చేతులతోనే ఫోనులో పేరు నమోదు చేసి, వెంటనే వదినకి ఫోన్ చేశాను. ఈసారి అన్నయ్యకివ్వలేదు. అయిపోయింది వదినా, పావుగంట మిగిలిందన్నాను. సంతోషించింది. తర్వాత ఆరువందల దారి ఎటని అడిగింది. చెప్పాను.

"అందులో రేవెక్కడ?"

"రేవు లేదు వదినా. అన్నీ వంతెనలే."

వెనక అన్నయ్య ఏదో అంటున్నాడు, వదిన ఉండమంటోంది.

"రైలు గేట్లయినా ఉంటాయిగా," అంది.

ఫోను పెట్టేసి మ్యాపు తెరిచాను. రెండున్నాయి.