సులోచన టీచర్ తెచ్చిన సీసా

మొన్న మా అమ్మాయికి పోటీ పరీక్షల పుస్తకాలు కొనడానికి అశోక్ నగర్ వెళ్ళినప్పుడు, పాత పుస్తకాల దుకాణంలో అడుగున పడివున్న జంతుశాస్త్రం ప్రాక్టికల్ రికార్డొకటి ఊరికే తెరిచాను. ఎవరో పెన్సిల్‌తో ఓపిగ్గా గీసిన ఆక్టోపస్ బొమ్మ, దాని పక్కన బాణం గుర్తులు, కాగితాల మధ్య నుంచి ముక్కును పొడిచే ఫార్మలిన్ వాసన. "అది పాతదక్కా, సిలబస్ మారింది, ఎవ్వరు కొంటలేరు" అన్నాడు దుకాణదారు. నేను మాత్రం ఆ పేజీ దగ్గరే నిలబడిపోయాను.

మహబూబ్‌నగర్ దగ్గరి ఒక పల్లె నుంచి నా చిన్నప్పుడు మేస్త్రీ పనికి వచ్చిన మా నాన్న కవాడిగూడలో ఒక గది కిరాయికి తీసుకున్నాడు. ఆదివారం పొద్దున్నే అమ్మ తలకు కొబ్బరినూనె రాసి జడ బిగించి అల్లితే, ఉతికిన గౌను వాసన, దారిలో నూనెలో వేగుతున్న మిరపకాయ బజ్జీల వాసన పీల్చుకుంటూ చిక్కడపల్లి సందులోని మా ప్రార్థన మందిరానికి నడిచేవాళ్ళం. రేకుల కప్పు, ఒక వైపు మగవాళ్ళ చాపలు, ఒక వైపు ఆడవాళ్ళ చాపలు, మే నెలలో పిల్లల తరగతులైతే మధ్యాహ్నం స్టీలు బకెట్లో నిమ్మకాయ షర్బత్, అది తాగాక వేపచెట్టు నీడలో తొక్కుడుబిళ్ళ.

మాకు పాఠం చెప్పే సులోచన టీచర్ గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడినవారు. నారాయణగూడలో ఒక కాలేజీ జంతుశాస్త్రం ల్యాబులో పనిచేసేవారు. దేవుని గురించి చెప్పడానికి ఆవిడ ఎప్పుడూ ఏదో ఒక వస్తువు తెచ్చేవారు, ఒకరోజు పిట్ట గూడు, ఒకరోజు తేనెపట్టు. పాఠం చివర ఒక మాట ఇచ్చేవారు. ఆ మాటకు తగిన బైబిలు వాక్యం ముందుగా లేచి తప్పులేకుండా చెప్పినవాళ్ళ పేరున్న అట్టమీద బంగారు రంగు నక్షత్రం అంటించేవారు. పదేళ్ళ వయసుకే నా అట్టమీద ఖాళీ లేదు.

ఒక ఆదివారం ఆవిడ తువ్వాలు విప్పి గాజు సీసా బల్లమీద పెట్టారు. తెల్లగా, మడతలు పడి, సీసా మూతిదాకా చుట్టుకున్న ఆక్టోపస్.

"భయపడకండర్రా, ఇది చచ్చిపోయి ఏళ్ళయింది. దీనికి మూడు గుండెలు. రక్తం నీలంగా ఉంటుంది. దేన్ని ముట్టుకుంటే దాని రుచి చేతులకే తెలిసిపోతుంది."

"గట్లయితే మామిడికాయ తొక్కు జాడీల చెయ్యి వెడితే సాలు టీచర్, కారం ఎక్కువైందో లేదో ఎరుకైతది!" అంది నా పక్కనున్న రాహేలు. అందరం పడీ పడీ నవ్వాం, టీచర్ కూడా.

"సరే, ఇవాళ్టి మాట సముద్రం."

నేను చటుక్కున లేచాను. రెక్కలు, పొలుసులు లేని జలచరాలు మీకు అసహ్యమైనవి, వాటిని తినకూడదు అనే ధర్మశాస్త్రపు మాటను అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాను. టీచర్ సీసాను కొంచెం పక్కకు జరిపారు. "తప్పులేదమ్మా" అని తన చేత్తోనే నక్షత్రం అంటించారు.

గుమ్మంలో నిలబడి మా సంఘ పెద్ద అంతా విన్నారు. "పిల్లకున్న బుద్ధి పెద్దోళ్ళకు లేకపాయె. అపవిత్రమైనదాన్ని మందిరంలకు తెస్తరా టీచరమ్మా?"

"తినడానికి తేలేదండీ. దేవుడి పనితనం చూపించడానికి తెచ్చాను" అన్నారావిడ, సీసాకు మళ్ళీ తువ్వాలు చుడుతూ.

ఇంటికి వచ్చి గొప్పగా చెబితే, అమ్మ చింతపండు పిసుకుతున్న చెయ్యి ఆపింది. "తినొద్దన్నడు గని సూడొద్దన్నడానే? దాన్ని జేసిందెవరు? ఆ వాక్యం గూడ నీకొస్తది గదా?"

వచ్చు. విశాలమైన సముద్రాన్నీ, అందులో లెక్కలేనన్ని జీవులనూ దేవుడు జ్ఞానంతో చేశాడని పాడే స్తుతికీర్తన ఎనిమిదో ఏటనుంచే నాకు కంఠతా వచ్చు.

మరుసటి ఆదివారం పెద్దగారు నన్ను సంఘమంతటి ముందు నిలబెట్టి, "ఆ వాక్యం మళ్ళ జెప్పు బిడ్డా" అన్నారు. రెండు వాక్యాలూ నా నోట్లోనే ఉన్నాయి. సులోచన టీచర్ ఆడవాళ్ళ చాపమీద మూడో వరుసలో కూర్చుని, నేనెక్కడైనా ఆగితే అందించడానికన్నట్టు పెదవులు కొంచెం తెరిచి నా వైపే చూస్తున్నారు. నేను మొదటి వాక్యమే చెప్పాను. సంఘమంతా ఆమేన్ అంది. నాకు రంగు పెన్సిళ్ళ డబ్బా ఇచ్చారు. ఆ తర్వాత మాకు పాఠం చెప్పడానికి వేరే ఆవిడ వచ్చారు. కొన్నాళ్ళకు మూడో వరుసలో ఆ చోటు కూడా ఖాళీ అయింది.

చాలా ఏళ్ళ తర్వాత నారాయణగూడ బస్‌స్టాపులో ఆవిడే నన్ను గుర్తుపట్టి, "వాక్యాలు గుర్తున్నాయా అమ్మా?" అని అడిగారు. "ఉన్నయ్ టీచర్" అన్నాను. ఇంతలో ఆవిడ బస్సు వచ్చింది. తర్వాత ఒకరోజు ఆవిడ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారని విన్నాను.

ఇప్పుడు ఆక్టోపస్ గురించి ఎక్కడ ఏం రాసినా చదువుతాను. దాని నాడీకణాల్లో ఎక్కువ భాగం చేతుల్లోనే ఉన్నాయట. రంగుల తేడా తెలియదనుకుంటున్న ఆ జీవి చుట్టూ ఉన్న రాతి రంగులోకి క్షణంలో మారిపోతుందట. తొట్టెలో ఉంచితే, తిండి పెట్టిన మనిషినీ బాధపెట్టిన మనిషినీ వేరువేరుగా గుర్తుపడుతుందట. తల్లి తిండి మానేసి గుడ్లకు కాపలా కాసి, అవి పగిలి పిల్లలు బయటికొచ్చేనాటికి ప్రాణం విడుస్తుందట. పరిశోధకులు చెప్పే ఒక్కొక్క సంగతికీ నా విశ్వాసం మోకరిస్తుంది. వెంటనే ఇది టీచర్‌కి చెప్పాలనిపిస్తుంది.

రేకుల మందిరం పోయి అక్కడ అపార్ట్‌మెంట్ వచ్చింది. వేపచెట్టు చోట కార్లు ఆగుతున్నాయి. ఇప్పుడు మా సంఘంలో పిల్లల పాఠం నేనే చెబుతున్నాను. ఆ రికార్డు కొనుక్కుని, పోయిన ఆదివారం తరగతిలో ఆ పేజీ తెరిచాను. "ఛీ, ఏందీ కంపు టీచర్!" అని ముక్కులు మూసుకుంటూనే పిల్లలు బొమ్మ మీదికి వంగారు. ఇవాళ్టి మాట సముద్రం అని, ఎవరూ లేవకముందే, ఆ రోజు మింగేసిన రెండో వాక్యాన్ని నేనే నిలబడి చెప్పాను. ఎక్కడా ఆగలేదు. మూడో వరుసలో కూర్చుని వినవలసిన మనిషి మాత్రం లేరు.