నీళ్లపైపు రెండో కొస

పోయిన ఆదివారం ఆళ్లగడ్డలో అక్కవాళ్ల కొత్త ఇంటి పని దగ్గర ఉన్నవాళ్లం ముగ్గురం: మేస్త్రీ అయిన మా నాయన, అక్క భర్త అయిన మా బావ, నేను. సామాన్లు రెండు: మట్టం చూసే నీళ్లపైపు, అదే పనికి నంద్యాల నుంచి నేను తెచ్చిన లేజర్ మిషన్. నేను బస్సు దిగి వచ్చేసరికే పైపు ఒక కొస నాయన చేతిలో, రెండో కొస గోడకు ఇవతల బావ చేతిలో ఉన్నాయి.

ఆ కొస నాది. పాలిటెక్నిక్‌లో చేరేదాకా ప్రతి సెలవుల్లోనూ నేనే పట్టుకున్నాను. రెండు కొసల్లో నీళ్లు ఒకే ఎత్తున నిలిచాక పిల్లర్ల మీద గుర్తు పెడతారు. కానీ నీళ్లు వెంటనే నిలవవు, కాసేపు పైకీ కిందికీ ఊగుతాయి. ఇంట్లో నోరు విప్పని నాయన, గోడ అడ్డమై నా ముఖం కనబడని ఆ కాసేపట్లోనే బడిలో తగాదాల దగ్గర నుంచి పెద్దయ్యాక ఏం చదువుతానన్నదాకా అన్నీ అడిగేవాడు, నేనూ దాచకుండా చెప్పేవాణ్ణి. ఉద్యోగం వచ్చాక లేజర్ కొన్నాను. నాయనకు చూపించిన రోజు దాని ఎర్రగీత ఒక్క క్షణంలో పిల్లర్లన్నిటినీ చుట్టింది. నాయన బాగుందన్నాడు, పైపు చుట్టి భుజాన వేసుకున్నాడు. అప్పటి నుంచి ఫోన్‌లో మా మాటలు తిన్నావా, తిన్నాను, అంతే.

"మామా, మోకాలికి మాత్రలు ఏసుకుంటాండావా?" అని బావ అరిచాడు.

"ఏసుకుంటాండాలే అబ్బీ, ముందు పైపు కదిలించాకు."

నాయనకు మోకాలినొప్పి ఉన్నట్టే నాకు తెలియదు. బావకు మాత్రల సంగతి కూడా తెలుసు.

"బావా, ఆ కొస ఇట్లియ్యి."

"ఏంది బామ్మర్దీ, నీ మిషన్ పడుకుందా?" అని నవ్వుతూ ఇచ్చాడు.

గోడ అవతల నుంచి నాయన, "నీళ్లు నిలిచినాయా అబ్బీ?" అని అడిగాడు.

"లేదు నాయనా, ఇంకా ఊగుతాండాయి. మోకాలు ఎప్పటి నుంచి నొస్తాంది?"

నిజానికి నా కొసలో నీళ్లు అప్పటికే నిలిచాయి. తన కొసలోనూ నీళ్లు నిలిచే ఉంటాయి, ఆయనకు తెలియనిది కాదు.

"ఊగనీలే," అన్నాడు నాయన, తర్వాత మోకాలి సంగతి మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు నేను పనిచేసే చోట అన్నీ లేజర్లే, నీళ్లు నిలిచేదాకా ఆగేవాళ్లు ఎవరూ లేరు. ఆరోజు నేను కొస పట్టిన పిల్లర్ మీద నీళ్లు నిలిచిన ఎత్తు మూడడుగుల రెండంగుళాలు.