గుంజ మీది రెండు గీతలు

కొలతల సార్ పోయారని ఆదోని నుంచి వాళ్ల అమ్మాయి ఫోన్ చేసింది. మా మనవరాలిని మళ్లీ కొలవడానికి ఆయన పెట్టిన గడువుకు ఇంకా పదకొండు రోజులున్నాయి. కబురు వినగానే నాకు ముందు తోచింది ఆ పదకొండు రోజులే. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

సార్ ఆదోనిలో కాలేజీ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నీళ్లను బట్టి, తిండిని బట్టి, చేసే పనిని బట్టి మనుషుల ఒళ్లు ఎలా మారుతుందన్నది ఆయన చదువు. ఏడాదికోసారి ఎమ్మిగనూరులో మా మగ్గాల వీధికి వచ్చి పిల్లల ఎత్తు, మణికట్టు లావు, పళ్ల మీది మరకలు చూసేవారు. నేను బడిలో లెక్కలు చెప్పినదాన్ని, అంకె తప్పితే ఊరుకోనిదాన్ని. అందుకే పుస్తకం నా చేతికిచ్చారు. ఆయన అంకె చెప్పాలి, నేను దాన్ని పైకి తిరిగి చెప్పాలి, ఆ తర్వాతే పెన్సిలు కదలాలి. ఒక్కొక్కరిని మూడుసార్లు కొలిచేవారు. "మొదటి కొలతలో మన ఆశ కూడా కలిసుంటుంది టీచరమ్మా" అనేవారు.

తొలి ఏడు మా ఎదురింటామె నడుం మీద చేయి పెట్టుకుని నిలదీసింది. "ఏం సార్, సంబంధం సూస్తాండావా, పిల్లను ఇట్ల కొలుస్తాండావు?"

"నువ్వు గూడా రామ్మా. మగ్గం మీద ఎంత వంగిపోయినావో తేలుతాది."

"నన్ను కొలిస్తే నీ కర్ర సగం మిగిలిపోతాది పో!"

ఆ నవ్వుల తర్వాతే తల్లులు పిల్లల్ని తెచ్చారు.

ఎవరింట్లో నీళ్లిచ్చినా గ్లాసు పట్టుకుని "ఈ నీళ్లు యాడివి?" అని అడిగేవారు. మర్యాద తెలియని మనిషని మొదట్లో నాకు కోపం వచ్చేది.

ఈ ఏడు మోకాళ్ల నొప్పితో ఆయన రాలేదు. నేనే కొలుస్తానన్నాను. కొలత కర్ర ఆయన దగ్గరుంది. మగ్గం ఇంట్లో గుంజ మీద నిరుడు సార్ కొలిచి గీసిన గీత ఉంది కదా అని, తొమ్మిదేళ్ల మనవరాలిని అక్కడే నిలబెట్టి కొత్త గీత గీశాను. రెండు గీతల మధ్య ఐదు సెంటీమీటర్లు. నిరుటి నూట పద్దెనిమిదికి ఐదు కలిపి, నూట ఇరవై మూడు అని ఫోన్లో గర్వంగా చెప్పాను. వారం తిరక్కుండా ఆయనే కర్ర పట్టుకుని ఆటో దిగారు.

గుంజ వైపు చూడలేదు. నేల వైపు చూశారు. "ఈడ మన్ను ఎప్పుడు పోసినారు?"

వానలకు మగ్గం గుంటలోకి నీళ్లొస్తే కోడలు ఎర్రమన్ను పోయించి, దిమ్మిస కొట్టించి అలికింది. వారం వారం అలుకుతూనే ఉంది. ఇంత అంకెల మనిషిని, నాకది తట్టలేదు. మా ఇళ్లలో నేల అలకడం ముఖం కడుక్కున్నట్టే, అది ఎత్తు పెరుగుతుందని ఎవరనుకుంటారు? నేల నుంచి నిరుటి గీత దాకా కొలవమన్నారు. నూట పద్నాలుగున్నర. మూడుసార్లూ అంతే.

"పెరిగింది పిల్ల కాదు టీచరమ్మా, నేల" అన్నారు మెల్లగా.

ఐదులో మూడున్నర నేలది. ఏడాది మొత్తానికి పిల్ల పెరిగింది ఒకటిన్నర, అసలు ఎత్తు నూట పందొమ్మిదిన్నర. "మా ఇంట్లో ఆడవాళ్లమంతా పొట్టివాళ్లమే సార్" అన్నాను, గొంతు గట్టి చేసుకుని.

"మీ అమ్మ గూడా ఇదే తిండి తిని, ఇవే నీళ్లు తాగి పెరిగింది కదా? వంశం మీదికి తోసేముందు పిల్ల రక్తం చూపియ్యండి."

చూపించాం. రక్తం తక్కువ, కడుపులో నులిపురుగులు. మందు వేశాం. రోజూ గుడ్డు పెట్టాను. తిండిలోని ఇనుమును టీ ఒంటబట్టనివ్వదట, రొట్టెతో టీ మాన్పించాను. ఆ అలవాటు చేసింది నేనే. కొలిచిన రోజే "నాలుగు నెలలకు నేనే వస్తా బేటీ, కదలకుండా నిలబడాల" అని పిల్లకు చెప్పి సార్ కర్ర మా ఇంట్లోనే వదిలివెళ్లారు. గౌను అంచు మోకాలికి ఎంత పైకి వచ్చిందో రోజూ చూసేదాన్ని. నిన్నటి చోటే ఉంటే ఆ పూట అన్నం దిగేది కాదు.

సార్‌ను మట్టి చేసిన రోజు ఆదోని వెళ్లాను. వాళ్ల అమ్మాయి నీళ్లు తెచ్చిచ్చింది. "ఈ నీళ్లు యాడివమ్మా?" అని నా నోరు జారింది. ఆ పిల్ల ఏడుపులోనే నవ్వింది.

గడువు రోజు పొద్దున్నే, ఆయన వచ్చే వేళకే, గడప ముందున్న బండ మీద మనవరాలిని నిలబెట్టాను. బండ పెరగదు. వెనక కర్ర నిలిపి, దానికున్న జారుడు చెక్కను తల మీద ఆనించాను. నూట ఇరవై ఒకటి. రెండోసారి ఒక గీత తక్కువ. మూడోసారి మళ్లీ నూట ఇరవై ఒకటి. ఏడాదిలో పెరిగినంత నాలుగు నెలల్లో పెరిగింది. అది చాలునో చాలదో నేనెవరిని అడగాలి?

అంకె పైకి చెప్పాను. తిరిగి చెప్పే గొంతు కోసం పెన్సిలు ఆగిపోయింది.

"నూట ఇరవై ఒకటి" అంది మనవరాలు. "రాసుకో అవ్వా."

రాశాను. తల ఎత్తి చూస్తే చెక్క ఇంకా పిల్ల నెత్తి మీదే ఉంది. మడమలు కర్రకు ఆనించి, సార్ ఆటో దిగే మలుపు వైపు చూస్తూ, కదలకుండా నిలబడే ఉంది.